మత్తడి ఎక్కడ పెట్టాలి

కంపైలర్ల మీద వచ్చిన పెద్ద పుస్తకాలు తెరిస్తే, రాసిన ప్రోగ్రాంను ముక్కలుగా ఎలా విడగొట్టాలో, దాని వ్యాకరణం ఎలా సరిచూడాలో, దాన్నుంచి చురుకైన యంత్రభాష ఎలా పుట్టించాలో వందల పేజీలు ఉంటాయి. ఆహో, సేథి, ఉల్‌మన్ 1986లో తెచ్చిన పుస్తకాన్ని అట్ట మీది బొమ్మ వల్ల అందరూ డ్రాగన్ బుక్ అంటారు. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో కంపైలర్ పాఠం చదివినవాళ్ళలో దాని పేరు విననివాళ్ళు తక్కువ. మనం రాసిన ప్రోగ్రాం నడిచేటప్పుడు మెమరీని ఎలా సర్దుకోవాలో అందులో ఒక అధ్యాయమే ఉంది. ఆ ప్రోగ్రాంను తయారుచేసే కంపైలర్‌కే మెమరీ చాలకపోతే అదేం చెయ్యాలన్నదానికి మాత్రం అధ్యాయం లేదు. ఈ లోటు చిన్నదేమీ కాదని నా నమ్మకం. ఎందుకంటే దాని బరువు మోసేది పుస్తకం రాసినవాళ్ళు కాదు, కంపైలర్ రాసినవాళ్ళూ కాదు. చిన్న మెషీన్ ఉన్నవాడు.

మా అక్క కొడుకు శివరాత్రికి, వీరన్న జాతరకని, కాలేజీ నుంచి కురవికి వచ్చాడు. వాడి దగ్గర ఎవరో వాడి వదిలేసిన ల్యాప్‌టాప్ ఉంది, 4 జీబీ ర్యామ్‌ది. సీ ప్లస్ ప్లస్‌లో ఉన్న ఒక ఉచిత గ్రంథాలయాన్ని దించుకుని, దానికి తన సొంత ఫైలు ఒకటి జోడించి కంపైల్ చేస్తున్నాడు. రాత్రి ఫోన్ చేశాడు.

"మామా, ఇంటర్నల్ కంపైలర్ ఎర్రర్ అని పడ్డది. పక్కన కిల్డ్ అని ఉన్నది. నేను ఏడ తప్పు జేసిన్నో సమజైతలేదు."

అప్పటికే సాయంత్రమంతా కూర్చుని తన ఫైలులో ఒక్కో లైనూ తీసేస్తూ వచ్చాడట. బాగున్న కోడ్‌ను కూడా అనుమానించి చెరిపేశాడు. తప్పు వాడిది కాదని చెప్పినా మొదట నమ్మలేదు. ఎర్రర్ అన్నాక రాసినవాడిదే తప్పు అయి ఉంటుందని చిన్నప్పటి నుంచి కంప్యూటర్ ల్యాబుల్లో నేర్పిన పాఠం అది.

ఆ రాత్రి వాడి మెషీన్‌లో జరిగింది ఇది. లినక్స్‌లో ఒక ప్రోగ్రాం మెమరీ అడిగితే కెర్నెల్ దాదాపు ఎప్పుడూ సరేనంటుంది, నిజంగా ఉన్నదానికంటే ఎక్కువ అడిగినా సరే. అడిగినదంతా ఎవరూ వాడుకోరని దాని లెక్క, చాలాసార్లు ఆ లెక్క సరిపోతుంది కూడా. ఆ మెమరీని ప్రోగ్రాం నిజంగా తాకినప్పుడే అసలు ర్యామ్ ఇవ్వాల్సి వస్తుంది. అందరూ ఒకేసారి తాకితే ఇవ్వడానికేమీ మిగలదు. అప్పుడు కెర్నెల్ నడుస్తున్న ప్రోగ్రాంలన్నిటికీ మార్కులు వేస్తుంది. ఎక్కువ మెమరీ పట్టుకున్నదానికే ఎక్కువ మార్కులు. దానికి 9వ నంబరు సిగ్నల్ పంపుతుంది. ఆ సిగ్నల్‌ను ఏ ప్రోగ్రామూ పట్టుకోలేదు, వాయిదా వేయలేదు, చివరి మాట ఒక్కటి చెప్పుకోలేదు. ఆ సమయానికి ఇంట్లో అందరికంటే ఎక్కువ మెమరీ పట్టుకున్నది సీసీ1ప్లస్, అంటే జీసీసీలో సీ ప్లస్ ప్లస్ చదివే అసలు కంపైలర్. మాట మధ్యలో పోయింది.

మరి ఆ ఎర్రర్ ఎవరు రాశారు? మనం జీ ప్లస్ ప్లస్ అని టైపు చేసేది కంపైలర్‌ను కాదు, దాన్ని నడిపించే ఒక చిన్న డ్రైవర్ ప్రోగ్రాంను. అది సీసీ1ప్లస్‌ను వేరే ప్రాసెస్‌గా పుట్టించి, అది ముగిసేదాకా ఎదురుచూస్తుంది. పిల్ల ప్రాసెస్ సిగ్నల్ వల్ల పోయిందని తెలియగానే సగం రాసిన ఫైళ్ళను తుడిచేసి, తనకు తెలిసిన ముక్క చెబుతుంది. పాత వెర్షన్లలో దాన్ని ఇంటర్నల్ కంపైలర్ ఎర్రర్ అనేవారు, పైగా బగ్ రిపోర్ట్ పంపమని అడిగేవారు. తర్వాత వచ్చిన వెర్షన్లు కిల్డ్ సిగ్నల్ వల్ల సీసీ1ప్లస్ ఆగిపోయిందని నేరుగా అంటాయి. ఈ చిన్న మార్పు నాకెంతో నచ్చింది. ఎక్కడో ఒకరు ఆ వాక్యం చదివే మనిషిని తలుచుకుని దాన్ని దిద్దారు. ఎందుకు చంపాల్సి వచ్చిందో మాత్రం కొత్త వాక్యం కూడా చెప్పదు, డ్రైవర్‌కు అది తెలియదు కాబట్టి.

క్లాంగ్ అనే మరో కంపైలర్ కథ దీనికి తలకిందులు. 2020లో వచ్చిన 10వ వెర్షన్ నుంచి క్లాంగ్ డ్రైవరూ కంపైలరూ మామూలుగా ఒకే ప్రాసెస్‌లో నడుస్తాయి. ప్రతి ఫైలుకూ కొత్త ప్రాసెస్ పుట్టించే ఖర్చు తప్పుతుంది, ముఖ్యంగా విండోస్‌లో అది పెద్ద ఖర్చే. కానీ ర్యామ్ అయిపోయి కెర్నెల్ సిగ్నల్ పంపిన రోజున డ్రైవర్ కూడా దాంతోపాటే పోతుంది. జరిగింది చెప్పడానికి ఇంట్లో ఎవరూ మిగలరు. మిల్లీసెకన్ల మిగులు అందరికీ కనిపిస్తుంది. ఈ నష్టం అరుదుగా, అదీ కొందరికే కనిపిస్తుంది. ఆ కొందరు ఎవరన్నదే నన్ను ఈ విషయం వదలనివ్వనిది.

మా దిక్కు ఊరూరికీ చెరువుంటుంది, చెరువుకు మత్తడి ఉంటుంది. కట్ట కంటే తక్కువ ఎత్తులో, గట్టి నేల చూసి, రాయి పరిచి, నిండిన నీళ్ళు ఎటు పోవాలో కట్ట వేసిన నాడే ఖాయం చేసిన చోటు అది. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు కాకతీయుల కాలం నుంచి ఇప్పటిదాకా పనిచేస్తున్నాయంటే అందులో కట్ట గొప్పతనం ఎంతో మత్తడి గొప్పతనమూ అంతే. చెరువు నిండినందుకు ఎవరూ బాధపడరు. మత్తడి దుంకుతున్నదంటే ఊరంతా చూడటానికి పోతుంది. గండి పడితేనే కథ మారుతుంది. 2024 సెప్టెంబర్ 1 నాటి వానలకు మా మహబూబాబాద్ జిల్లాలో ఏమైందో అందరికీ గుర్తే. కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. నీళ్ళు తమ దారి తామే వెతుక్కున్నప్పుడు అట్లాగే ఉంటుంది.

కంపైలర్లకు కూడా కొన్నిచోట్ల మత్తళ్ళు ఉన్నాయి. సీ ప్లస్ ప్లస్ టెంప్లేట్లు ఒకదాన్నొకటి పిలుచుకుంటూ లోపలికి పోతూనే ఉండగలవు. తెలియక రాసిన రెండు లైన్లు ఎంత మెమరీనైనా మింగేస్తాయి. అందుకే జీసీసీ 900 మెట్ల లోతుకు, క్లాంగ్ 1024 మెట్ల లోతుకు రాగానే ఆగిపోతాయి. ఆగి, ఏ లైనులో మొదలై ఎట్లా ఇంత లోతుకు వచ్చామో చూపిస్తాయి. కావాలంటే హద్దు పెంచుకొమ్మని దారి కూడా చెబుతాయి. రస్ట్ భాషలో మాక్రోల లాంటివాటికి ఆ హద్దు మామూలుగా 128. ఈ అంకెల్లో మహిమేమీ లేదు. మెమరీ నిజంగా అయిపోయే చోటుకంటే బాగా ముందు, ఇంకా మాట్లాడే ఓపిక ఉన్నప్పుడే ఆగాలని ఎవరో ముందే ఆలోచించి పెట్టారు. అదీ అందులోని విలువ. కంపైలర్ మొత్తానికి, అంటే అది పట్టుకునే మెమరీ అంతటికీ, అట్లాంటి హద్దు ఎందుకు లేదన్నదే నా ప్రశ్న.

ఆశ్చర్యమేమిటంటే కొరతతో కాపురం చెయ్యడం కంపైలర్‌కు వృత్తి విద్య. ఇంటెల్ 64 బిట్ ప్రాసెసర్‌లో సాధారణ పనులకు ఉన్న రిజిస్టర్లు 16. ప్రోగ్రాంలో పేర్లు వేలల్లో ఉంటాయి. ఏ పేరును ఎప్పుడు రిజిస్టర్‌లో ఉంచాలి, ఏది దించి మెమరీలోకి పంపాలి అని ప్రతి ఫంక్షన్‌కూ లెక్క కడుతుంది. ఐబీఎంలో గ్రెగరీ చైటిన్, ఆయన సహచరులు 1981లో దీన్ని ఒక పటానికి రంగులు వేసే లెక్కగా మార్చి చూపారు. ఇప్పటికీ ఆ లెక్కకు మెరుగులు దిద్దుతూనే ఉన్నారు. మన కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో రామకృష్ణ ఉపద్రష్ట బృందం ఎల్‌ఎల్‌వీఎం కంపైలర్‌లో ఇదే పనిని మెషీన్ లెర్నింగ్‌తో చేయించే పద్ధతిని 2023లో ప్రచురించింది. ఇతరుల ప్రోగ్రాంకు 16 రిజిస్టర్లలో ఇంత ఒద్దికగా ఇల్లు సర్దిపెట్టే కంపైలర్ తన సొంత ఇంటికొచ్చేసరికి అడిగినంతా దొరుకుతుందనే భరోసాతో రాసినట్టు ఉంటుంది.

మొదట్లో ఇట్లా లేదు. 1957లో ఐబీఎం 704 కోసం జాన్ బాకస్ బృందం తొలి ఫోర్ట్రాన్ కంపైలర్ తెచ్చినప్పుడు పనిని దఫాలుగా విడగొట్టక తప్పలేదు. అంతకంటే అబ్బురం ఐబీఎం 1401 మీది ఫోర్ట్రాన్. 8000 అక్షరాల మెమరీ ఉన్న మెషీన్‌లో కంపైలర్ పట్టదు. అందుకని ప్రోగ్రాంనే మెమరీలో కదలకుండా కూర్చోబెట్టి, కంపైలర్‌ను 63 ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ టేపు మీది నుంచి దాని మీదుగా నడిపించారు. ఒక్కో ముక్క వచ్చి తన వంతు మార్పు చేసి తప్పుకునేది. ఈ విషయం మొదట చదివినప్పుడు ఆ ఇంజినీర్లకు చేతులెత్తి మొక్కాలనిపించింది. మన హైదరాబాద్‌లో ఈసీఐఎల్ తయారుచేసిన టీడీసీ-12 పన్నెండు బిట్ల యంత్రం. పన్నెండు బిట్లతో నేరుగా లెక్కపెట్టగలిగే చోట్లు 4096. అట్లాంటి యంత్రం ముందు కూర్చున్నవాళ్ళకు మెమరీ అయిపోవడం ప్రమాదంగా అనిపించదు. అది రోజూ ఎదురయ్యే గోడ, దానికి తగ్గట్టే పని మొదలుపెడతారు.

మర్యాదగా ఆగడం ఎట్లాగో నాకు నేర్పింది డొనాల్డ్ నూత్ రాసిన టెక్. అది అక్షరాలు పేర్చే ప్రోగ్రాం, కానీ చేసే పని కంపైలర్ పనే. మెమరీ చాలకపోతే టెక్ సామర్థ్యం దాటిపోయిందని చెప్పి, క్షమించమంటుంది. ఏ రకం మెమరీ అయిపోయిందో, దాని పరిమాణమెంతో పక్కనే రాస్తుంది. అప్పటిదాకా పూర్తయిన పేజీలను పాడుచెయ్యకుండా ఫైలును సరిగ్గా మూసి మరీ వెళ్తుంది. 1990ల తొలినాళ్ళలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టిన తెలుగును తెలుగు లిపిలోకి తెచ్చే ఆర్‌టీఎస్ పద్ధతిని రూపొందించారు. ముక్కవిల్లి దంపతులు తెలుగుటెక్ తెచ్చారు. కంప్యూటర్‌లో తెలుగు అచ్చు నడిచిన తొలి దారుల్లో ఒకటి ఈ టెక్ మీదుగానే పోయింది. అప్పటి చిన్న మెషీన్ల మీద క్షమాపణ చెప్పడం తెలిసిన ప్రోగ్రాం దొరకడం మన భాష అదృష్టమనే అనుకుంటాను.

అయితే మెమరీ చాలనప్పుడు కంపైలర్ ఆగిపోవడం తప్పా? తట్టుకుని ముందుకు పోవాలా? దీని మీద నాకు ఒక అభిప్రాయం స్థిరపడింది. ఒక ఫైలు తీసుకుని ఒక ఫైలు ఇచ్చి ముగిసే కంపైలర్ ఆగిపోవచ్చు. మనం రాసిన మూలం డిస్కు మీద భద్రంగా ఉంటుంది, పోయింది కొంత సమయమే. మధ్యలో మెమరీ అందకపోయిన ప్రతి చోటా కోలుకునే దారి రాస్తే, ఆ వేల దారుల్లో ఎవరూ ఎన్నడూ నడవరు. నడవని దారిలో ముళ్ళు పెరుగుతాయి. సగం కట్టిన వ్యాకరణ చెట్టు మీద పని కొనసాగించి తప్పుడు యంత్రభాష ఇచ్చే కంపైలర్ కంటే ఆగిన కంపైలర్ ఎంతో మేలు. ఎల్‌ఎల్‌వీఎం ఆ దారే పట్టింది. మెమరీ దొరకలేదని తెలియగానే ఒక్క వాక్యం రాసి ఆగిపోతుంది. ఆ వాక్యం రాయడానికి కూడా కొత్తగా మెమరీ అడగాల్సిన అవసరం రాకుండా, ముందే సిద్ధంగా ఉన్న అక్షరాలను నేరుగా తెర మీదికి పంపుతుంది. ఇదే జాగ్రత్త జీసీసీ వాళ్ళ సీ ప్లస్ ప్లస్ గ్రంథాలయంలోనూ ఉంది. 2015లో వచ్చిన 5వ వెర్షన్ నుంచి, మెమరీ అయిపోయిందని చెప్పే కబురు మోసుకుపోవడానికే, ప్రోగ్రాం మొదలవుతూనే కొంత మెమరీ పక్కన పెట్టి ఉంచుతుంది. తొలి వెర్షన్లలో 64 బిట్ మెషీన్ల మీద అది 72,704 బైట్లు. ఈ అంకెను తనిఖీ పరికరాల్లో చూసి, తమ ప్రోగ్రాం మెమరీ కారుస్తోందని కంగారుపడిన కుర్రవాళ్ళు చాలామంది.

కానీ ఆగిపోవడం అన్ని కంపైలర్లకూ కుదరదు. ఎస్‌క్యూలైట్‌నే చూడండి. ప్రతి స్మార్ట్‌ఫోన్‌లోనూ ఉండే ఈ డేటాబేస్ మనం ఇచ్చిన ప్రతి ప్రశ్ననూ ముందు తన సొంత బైట్‌కోడ్‌లోకి కంపైల్ చేసుకుంటుంది. అది ఆగిపోతే దాన్ని ఇముడ్చుకున్న యాప్ మొత్తం ఆగిపోతుంది. అందుకని వాళ్ళు మెమరీ అందని ప్రతి చోటా వెనక్కి తిరిగే దారి రాశారు. రాసి ఊరుకోలేదు. మెమరీ ఇచ్చే ఫంక్షన్ మొదటిసారి అడిగినప్పుడే కావాలని లేదనిపిస్తారు. పరీక్ష మళ్ళీ మొదలుపెట్టి రెండోసారికి లేదనిపిస్తారు, తర్వాత మూడోసారికి. పని చివరిదాకా ఏ లోటూ లేకుండా పూర్తయ్యేదాకా ఇట్లా నడిపిస్తూనే ఉంటారు. ముళ్ళదారిలో రోజూ నడిస్తే అది బాటే అవుతుందని వాళ్ళు నిరూపించారు. బ్రెజిల్‌లో పుట్టిన లువా భాష కంపైలర్ కూడా ఇదే కోవలోది. మెమరీ అందకపోతే అక్కర్లేనిది ఊడ్చి మళ్ళీ అడుగుతుంది, అప్పటికీ లేకపోతే పిలిచినవాడికి చెప్పి తప్పుకుంటుంది. అంటే ఇది అసాధ్యమైన పని కాదు. చెయ్యాలనుకున్నవాళ్ళు చేశారు.

మా మేనల్లుడి దగ్గరికి వస్తే, వాడు సూచనల్లో ఉన్నదున్నట్టు మేక్‌కు జే8 అని ఇచ్చాడు. ఒకేసారి ఎనిమిది కంపైలర్లు లేచాయి. ఆ సూచన రాసినవాళ్ళ మెషీన్‌లో ఎంత ర్యామ్ ఉందో నేను ఊహించగలను. పెద్ద ప్రాజెక్టుల మీద పనిచేసేవాళ్ళ మెషీన్లలో 64 జీబీ ఉండటం మామూలే. జే1 పెట్టుకొమ్మన్నాను. దాంతోపాటు యూలిమిట్ ఆజ్ఞతో టెర్మినల్‌కు మెమరీ హద్దు ఒకటి పెట్టించాను, ర్యామ్ కంటే కొంచెం తక్కువగా. దానివల్ల ఏమవుతుందంటే, హద్దు దాటి అడిగిన కంపైలర్‌కు కెర్నెల్ ఉత్తుత్తి మాటివ్వదు, లేదని మొహం మీదే చెబుతుంది. కంపైలర్ బతికే ఉంటుంది కాబట్టి నోరు తెరవగలుగుతుంది. జే1తో ఫైళ్ళన్నీ నెమ్మదిగా అయ్యాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కదాని దగ్గర ఈసారి కిల్డ్ అని రాలేదు. ఇన్ని బైట్లు అడిగితే దొరకలేదు, అప్పటిదాకా మొత్తం ఇన్ని బైట్లు తీసుకున్నాను అని జీసీసీ అంకెలతో సహా చెప్పింది.

"గిట్ల చెప్తే సమజైతది గద మామా" అన్నాడు వాడు.

ఆ ఫైలుకు ఆప్టిమైజేషన్ తీసేయించాను. అదీ అయిపోయింది.

వాడి స్నేహితుల్లో ల్యాప్‌టాప్ కూడా లేనివాళ్ళున్నారు. ఫోన్‌లోనే టెర్మక్స్ అనే టెర్మినల్ యాప్ పెట్టుకుని, అందులో క్లాంగ్‌తో సీ నేర్చుకుంటున్నారు. ఆండ్రాయిడ్ 12 నుంచి యాప్‌లు పుట్టించే పిల్ల ప్రాసెస్‌లు ఫోన్ మొత్తంలో 32 దాటితే సిస్టమే కొన్నిటిని తీసేస్తుంది. ఫోన్‌లో మెమరీ బిగిస్తే అంతకంటే ముందే తీసేస్తుంది. అప్పుడు తెర మీద మిగిలేది సిగ్నల్ 9 అన్న మాట ఒక్కటే. అరచేతిలో కంపైలర్ నడిపేంత పట్టుదల ఉన్న పిల్లకు మనమిచ్చే సమాధానం అదేనా అని నాకు కోపం వస్తుంది. కంపైలర్ బృందాలు ప్రతి కొత్త వెర్షన్‌నూ వేగానికి పరీక్షిస్తాయి. 2 జీబీ, 4 జీబీ హద్దు పెట్టి కూడా ఒకసారి పరీక్షించడానికి కొత్త యంత్రాలేమీ కొననక్కర్లేదు, యూలిమిట్ ఒక లైను చాలు. ఆ లైను రాయాలని తోచాలంటే చిన్న మెషీన్ ముందు కూర్చున్న మనిషి గుర్తుండాలి.

జీసీసీ మొదలవుతూనే మెషీన్‌లో ర్యామ్ ఎంత ఉందో ఇప్పటికే చూసుకుంటుంది. చెత్త ఊడ్చే పని ఎప్పుడు మొదలుపెట్టాలో తేల్చుకోవడానికి అందులో ఎనిమిదో వంతును లెక్కలోకి తీసుకుంటుంది, అదీ 128 ఎంబీ దాటకుండా. అంటే సగం పని అయ్యే ఉంది. అదే అంకెను పట్టుకుని, కెర్నెల్ కన్నెర్ర చెయ్యకముందే తనకు తాను ఒక హద్దు పెట్టుకోవచ్చు. అవసరమున్నవాళ్ళు దాన్ని పెంచుకుంటారు. ఆ హద్దు దగ్గర ఆగినప్పుడు చెప్పాల్సిన మాటలు నేను రాసుకుని పెట్టుకున్నాను: మెమరీ చాలలేదు. 64 ఎంబీ అడిగాను, దొరకలేదు. మీ ఫైలులో 212వ లైను దగ్గర ఆగిపోయాను. మీ కోడ్‌లో తప్పు పట్టుకుని ఆగలేదు. ఒకేసారి నడిచే పనులు తగ్గించి మళ్ళీ ప్రయత్నించండి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడుతుంది. అయినా ఇదంతా కలిపి వెయ్యి బైట్లు కూడా కాదు. కంపైలర్ లేచిన క్షణంలోనే, మెమరీ పుష్కలంగా ఉన్నప్పుడే, ఆ చోటు పక్కన పెట్టుకోవచ్చు.